బండలాగుడు చూసిన కళ్లు

అమ్మాయి వాళ్లుండేది మిషిగన్‌లో, యాన్ ఆర్బర్‌కి అరగంట దూరంలో. 2023 ఆగస్టులో వెళ్లి సంక్రాంతికి తిరిగొచ్చాం. ఆ మధ్యలో శనివారం వచ్చిందంటే చాలు, మా అల్లుడు పసుపూ నీలం చొక్కా తొడుక్కుని టీవీ ముందు కూర్చునేవాడు. తను చదివిన మిషిగన్ యూనివర్సిటీ ఆట మరి. ‘ఫుట్‌బాల్, మామయ్యగారూ’ అంటే నేనూ కూర్చున్నా. తీరా చూస్తే కాలితో తన్నేది ఏ పావుగంటకో ఒకసారి. మిగతాదంతా బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తడం, గుద్దుకోవడం, పడడం, లేచి మళ్లీ వరసగా నిలబడడం.

రెండో వారానికి తెలిసింది, ఇది నేనెరిగిన ఆటేనని. నాలుగు విడతల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే ‘ఫస్ట్ డౌన్’ అని ఇంకో నాలుగు విడతలిస్తారు. జరిగారా లేదా అని అనుమానమొస్తే గొలుసు తెచ్చి నేల మీద లాగి కొలుస్తారు. మా ఒంగోలు వైపు బండలాగుడు పందెంలో టేపు పట్టుకుని పరిగెత్తే కుర్రాళ్లు కళ్లముందు మెదిలారు. అక్కడ ఎడ్లకి పళ్లను బట్టి విభాగాలు: రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి. ఇక్కడ పిల్లలకి ఫ్రెష్‌మన్ నుంచి సీనియర్ దాకా. ఈ మాటంటే అల్లుడు పగలబడి నవ్వాడు. అమ్మాయి మాత్రం, ‘నాన్నా, బయట అనకు’ అంది.

బండలాగుడు చూసి పెరిగినవాడి చూపు ఎప్పుడూ కాడి మీదే ఉంటుంది. అందరూ బంతి పట్టుకున్న బ్లేక్ కోరమ్‌ని చూస్తుంటే నేను అతని ముందు వరసలో వంగి నిలబడ్డ అయిదుగురిని చూసేవాణ్ణి. ఒక్కొక్కడూ 135 కిలోల పైమాటే. మధ్యవాడు బంతిని కాళ్ల సందు నుంచి వెనక్కి అందిస్తాడు, అంతే. ఇక వాళ్ల పనంతా ఎదుటివాణ్ణి తోసి దారి చెయ్యడం. ఆ సందులోంచి అయిదడుగుల ఎనిమిదంగుళాల కోరమ్ దూరిపోతాడు. పేపర్లో బొమ్మ అతనిది.

మొదటి తొమ్మిది ఆటలూ చప్పగా గెలిచారు. ఇండియానా మీద 52-7, మిషిగన్ స్టేట్ మీద 49-0. ఒక ఆటకి నన్నూ తీసుకెళ్లారు. రోడ్డు మీంచి చూస్తే పెద్దగా ఏమీ కనపడలేదు. లోపలికి వెళ్తే కాళ్ల కింద చెరువంత గుంట! 1927లో కట్టారట, 1,07,601 సీట్లు. సీటంటే బల్ల మీద గీసిన ఒక జానెడు చోటు. నా పక్కనున్న పెద్దమనిషి లేస్తే నేనూ లేవాల్సిందే.

ఆ తొమ్మిది ఆటలూ అవకముందే మొదలైంది అసలు గొడవ. ఎదుటి జట్లు మైదానం పక్కనుంచి చేసే సైగల్ని తెలుసుకోడానికి, వాళ్ల ఆటలకి ముందుగానే మనుషుల్ని పంపి ఫోన్లలో తీయించాడని జట్టులో ఒక ఉద్యోగి మీద ఆరోపణ. అతను రాజీనామా చేశాడు. ఎదురుగా నిలబడి ఆడుతూ సైగ కనిపెడితే తప్పు లేదట, ముందే వెళ్లి చూసొస్తేనే తప్పట. ఈ ధర్మసూక్ష్మం నాకిప్పటికీ మింగుడు పడలేదు. కోచ్ జిమ్ హార్బాని మూడు ఆటలకి మైదానంలోకి రావద్దన్నారు. వేరే వ్యవహారంలో సీజన్ మొదట్లోనే మూడు ఆటలు దూరంగా ఉన్నాడాయన.

నవంబర్ 11న పెన్ స్టేట్‌తో ఆట. మర్నాడు దీపావళి, వంటింట్లో బూరెల నూనె కాగుతోంది. కోచ్ స్థానంలో నిలబడ్డ షెరోన్ మూర్ ఆ ముందు వరసకి గురువు. ఒకప్పుడు తనూ ఆ వరసలో ఆడినవాడే. ఆ మధ్యాహ్నం ఆయన బంతిని విసరడమే మానిపించాడు. వరసగా 32 సార్లు పరుగే. చూడ్డానికి అందమేమీ లేదు. తొయ్యి, రెండు గజాలు. తొయ్యి, మూడు. అల్లుడికి విసుగొచ్చి ఫోన్ తీశాడు. నేను మాత్రం కుర్చీ అంచుకి జరిగా. 24-15తో గెలిచాక మూర్ కెమెరా ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. అంతలావు మనిషి అలా ఏడుస్తుంటే మా ఆవిడ గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది.

నవంబర్ 25న ఒహాయో స్టేట్‌తో. వాళ్లతో పగ మనకి దాయాదుల పగలాంటిది. మూడో క్వార్టర్‌లో అయిదుగురిలో ఒకడు, జాక్ జింటర్, కింద పడిపోయాడు. కాలు విరిగింది. బండి మీద తీసుకెళ్తుంటే లక్షమంది గుంటలో చప్పుడు లేదు. ఆ వెంటనే ఆట మొదలైంది. బంతి కోరమ్‌కిచ్చారు. వరస విచ్చుకుంది, 22 గజాలు ఒక్క పరుగు, గీత దాటాడు. దాటి చేతివేళ్లతో ఆరు, అయిదు చూపించాడు. జింటర్ చొక్కా మీది అంకె 65. బొమ్మ పేపర్లో పడేవాడు, తన బొమ్మ పడే క్షణంలో చేసిన పని అది. 30-24తో గెలిచారు గానీ నాకు స్కోరు కంటే ఆ వేళ్లే గుర్తు.

జనవరి 1న అలబామాని అదనపు సమయంలో 27-20తో గెలిచారు. 8న హ్యూస్టన్‌లో వాషింగ్టన్‌తో చివరి ఆట. దేశంలోకెల్లా మంచి ముందు వరసకిచ్చే బహుమతి ఆ ఏడు వాషింగ్టన్ వాళ్లదే. ఆ రాత్రి మావాళ్లు (ఎప్పుడు మావాళ్లయ్యారో!) 303 గజాలు పరుగులోనే లాగి 34-13తో కప్పు తీసుకున్నారు. పదిహేను ఆటలు, పదిహేను గెలుపులు. జింటర్ ఆడలేదు.

భోగికి ఊళ్లో ఉన్నాం. మర్నాడు బండలాగుడు. ఆరు పళ్ల జత మోకాళ్ల మీద వంగి బండని జానెడు జరిపి ఆగింది. టేపు పట్టుకున్న కుర్రాడు పరిగెత్తి నేల మీద కూర్చున్నాడు. నా నోరు ఊరుకోలేదు.

‘ఫస్ట్ డౌన్!’

పక్కనున్న కుర్రాడు తిరిగి చూశాడు. ‘ఏంది బాబాయ్?’