మూడో నెల దాకా ఆగమన్నాను

పచ్చి బిడ్డను మూడో నెల వచ్చేదాకా గడప దాటించకూడదన్నది మా ఇంట్లో కట్టడి. ఎండ తగులుతుంది, గాలి సోకుతుంది, దిష్టి కొడుతుంది. నా పిల్లలను అట్లాగే సాకాను, వాళ్లకేమీ కాలేదు. ఆ ధైర్యంతోనే నా మనవడి ఎడమ కంటి చూపు పోవడానికి కారణమయ్యాను. ఇంకో అమ్మమ్మ ఈ పని చేయకూడదని రాస్తున్నాను.

మా అమ్మాయికి ఏడో నెలలోనే తిరుపతిలో కాన్పయింది. బిడ్డ కిలోంబావు. ఆక్సిజన్ పెట్టి, గొట్టంతో పాలు పట్టి, చిన్నపిల్లల ఐసీయూలో బతికించారు. ఇంటికి పంపే రోజు నర్సమ్మ డిశ్చార్జి కాగితంలో ఎర్ర ఇంకు గీత మీద వేలు పెట్టి చూపించింది. ఫలానా తేదీలోపు రెటీనా పరీక్ష చేయించాలి. సరేనని తలూపి, కాగితం మడిచి, బిడ్డను చంద్రగిరి తీసుకొచ్చుకున్నాం.

ఆ తేదీ నడి ఎండల్లో పడింది.

"కండ్ల డాక్టరుకు చూపించమన్నారు గదమ్మా" అని అమ్మాయి గుర్తు చేసింది.

"కండ్లకేమైంది? చక్కంగా తెరిచి చూస్తా ఉండాడు. ఇంతెండలో పచ్చి బిడ్డను ఏడికి తీసకపోతావు? మూడో నెల రానీ" అన్నాను.

బస్సెక్కితే అరగంటలో తిరుపతి. నా మాట కాదనలేక అమ్మాయి ఊరుకుంది.

మూడో నెలలో టీకాకు పోతే పిల్లల డాక్టరు మొదట అడిగింది కంటి పరీక్ష రిపోర్టు. అది లేదనగానే వెంటనే కంటి ఆస్పత్రికి పంపారు. చుక్కలు వేసి పాపలు పెద్దవయ్యాక, రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్పు పెట్టి, డాక్టరు తలకు కట్టుకున్న లైటుతో, చేతిలో భూతద్దంతో చాలాసేపు చూశారు. బిడ్డ గుక్క పట్టి ఏడ్చాడు. కుడి కంటికి లేజర్ పనికొస్తుందన్నారు. ఎడమ కంట్లో రెటీనా అప్పటికే ఊడిపోయింది.

ఎందుకట్లా అయిందో ఆయనే ఓపికగా చెప్పారు. రెటీనా అంటే కంటి లోపల వెనుక గోడకు అతుక్కుని ఉండే పలచటి పొర. దాని రక్తనాళాలు దాదాపు తొమ్మిదో నెల నిండేదాకా తల్లి కడుపులో పెరుగుతూనే ఉంటాయి. ముందే పుట్టిన బిడ్డకు ఆ పెరుగుదల సగంలో ఆగి, తర్వాత అడ్డదిడ్డమైన నాళాలు పుట్టుకొస్తాయి. అవి మచ్చకట్టి ముడుచుకుంటూ పొరను లాగుతాయి. గోడ మీద సున్నం పెచ్చు లేచినట్టు రెటీనా లేచిపోతుంది. ఇదంతా వారాల్లో జరిగిపోతుంది. బయటికి ఎరుపు ఉండదు, పుసి ఉండదు, నీరు కారదు. కంటిపాప తెల్లబడి మనకు తెలిసేసరికి చేయగలిగింది చాలా తక్కువ. అదే వేళకు చూస్తే, చాలామంది బిడ్డలకు లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో జబ్బును ఆపగలరు.

ఈ జబ్బును 1942లో అమెరికాలో టెర్రీ అనే డాక్టరు మొదట వివరించాడు. 1950లో నెలలు నిండకుండా పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ చూపు పోయింది దీనివల్లే. మన హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రిలో డాక్టర్ సుభద్ర జలాలి, పుట్టిన 30 రోజుల్లోపు పరీక్ష జరగాలని ఏళ్ల తరబడి చెబుతున్నారు. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి.

చదువు రాక చేసిన తప్పు కాదిది. కాగితం నేనే చదివాను. కానీ నా అనుభవమంతా నెలలు నిండి పుట్టిన బిడ్డలది. మా కాలంలో కిలోంబావు బిడ్డ బతకడమే అరుదు. ఇప్పుడు ఐసీయూలు బతికిస్తున్నాయి కాబట్టే ఈ జబ్బు మన ఇళ్ల దాకా వచ్చింది. మా పెద్దవాళ్లు చూడని జబ్బుకు వాళ్ల కట్టడిలో మందు ఎక్కడినుంచి వస్తుంది?

ఎడమ కంటికి చెన్నైలో ఆపరేషన్ చేశారు. పొర కొంత అతుక్కుంది. ఆ కంటికి వెలుతురు తెలుస్తుంది, అంతే. కుడి కంటికి మందపాటి అద్దాలతో వాడిప్పుడు బడికి పోతున్నాడు. కంచంలో ఎడమ పక్కన పెట్టిన ముద్ద కనబడక, తల పూర్తిగా తిప్పి వెతుక్కుంటాడు.

34 వారాలు నిండకముందు పుట్టినా, రెండు కిలోలు మించకుండా పుట్టినా బిడ్డకు 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష చేయించాలి. 28 వారాలకు ముందు పుట్టినవాళ్లకు, 1200 గ్రాముల లోపు వాళ్లకు రెండు మూడు వారాలకే చేయించాలి. ఒక్కసారి చూపించి ఊరుకోకుండా, డాక్టరు చాలనే దాకా పిలిచినప్పుడల్లా పోవాలి. చెన్నై పరుగెత్తే పని కూడా లేదు, 2019 నుంచి తిరుపతిలోనే అరవింద్ కంటి ఆస్పత్రి ఉంది. ఆశా కార్యకర్తలారా, బాలింతను చూడటానికి వెళ్లినప్పుడు దయచేసి ఆ ఇంటి పెద్దావిడతో కూడా ఈ మాట చెప్పండి. అక్కల్లారా, మూడో నెల కట్టడిని పాటించదలిస్తే పాటించండి, బిడ్డను కంటి పరీక్షకు తీసుకుపోయి వచ్చాక.