వాగవతల ఖబరస్తాన్

మా ఊళ్ళో బతికున్న సాయిబులం వాగుకి ఇవతల ఉంటాం. చనిపోయిన మావాళ్ళు అవతల ఉంటారు. మా ఖబరస్తాన్‌కి జాగా అక్కడే దొరికింది. ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో కాయితం లేదు. సమాధులే మా కాయితాలు.

వేసవిలో చూస్తే దాన్ని వాగని ఎవరూ అనరు. ఇసుక, తుమ్మచెట్లు, అక్కడక్కడా మడుగులు. మిరపకోతకెళ్ళే ఆడకూలీలు చెప్పులు చేతబట్టుకుని కబుర్లాడుకుంటూ దాటేస్తారు. వానాకాలం సంగతి వేరు. మాది నల్లరేగడి. ఎండకి నెర్రెలిచ్చిన నేల మొదటి వానల్ని తాగేస్తుంది. నెర్రెలు పూడుకుపోయాక ఇంకించుకోవడం మానేస్తుంది. పత్తిచేల మీద, మిరపచేల మీద పడ్డ నీళ్ళన్నీ గంటల్లో వాగులోకి దిగుతాయి. చిలకలూరిపేట పక్క ఓగేరు, కుప్పగంజి, కారంపూడి దగ్గర నాగులేరు, వాటిలో కలిసే పేరులేని వాగులు, అన్నిటిదీ ఇదే తంతు. 2022లో జిల్లాలు విడగొట్టారు గానీ వాగుల గుణం మారలేదు.

ఈ ఏడు మా ఆపా కొడుకు సెలవు పెట్టి ఊరికొచ్చాడు. బెంగుళూరులో ఉద్యోగం, పరుగు పిచ్చి. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. అంతకు మించి పరిగెడితే అల్ట్రా మారథాన్ అంటారట. అదీ రోడ్డు మీద కాదు, కొండల్లో, అడవిబాటల్లో. పడమటి కనుమల్లో 50 కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చాడు. దారిలో సెలయేళ్ళున్నాయట.

"మామూ, పరిగెత్తడం వచ్చు. నీళ్ళు దాటడం రాదు. నేర్పిస్తావా?" అన్నాడు.

ఆపా చేతిలో గరిటె అలాగే పట్టుకుని బయటికొచ్చింది. "మేం గతిలేక దిగిన నీళ్ళలోకి నువ్వు డబ్బులు కట్టి దిగుతావురా?" అంది.

మాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. అయినా వాణ్ణి వాగుకి తీసుకెళ్ళాం. మాకొచ్చింది చెప్పాం.

వాగు ఇరుకైన చోట దాటబుద్ధవుతుంది. నాలుగడుగులే కదా అనిపిస్తుంది. లోతూ అక్కడే, ఉరవడీ అక్కడే. నీళ్ళు వెడల్పుగా పరుచుకున్న చోటు వెతుక్కోవాలి. వంపు తిరిగే చోట బయటి గట్టు వైపు దిగకూడదు, నీరు అక్కడ గట్టుని కోసి గుంట చేసుంటుంది. దిగేముందు ఒక ఎండుపుల్ల వేసి దాని వెంట గట్టు మీద నడవాలి. మన నడక కంటే పుల్ల ముందు పోతుంటే ఆగిపోవాలి. నీళ్ళు బురదరంగు తిరిగి చెత్త కొట్టుకొస్తుంటే వాగింకా పెరుగుతోందని అర్థం. గట్టున కూర్చోవడమే మంచిది. ఎంత తొందరగా పొంగిందో అంత తొందరగా తీస్తుంది.

దిగాక మొహం ఎగువకి పెట్టాలి. చేతికర్ర ఎగువన ఆనించి పక్కకి జరగాలి. కాలు ఎత్తి వెయ్యకూడదు, నేలని తడుముతూ ఈడ్చాలి. మోకాలు దాటిన ఉరవడిలో ఒక్కడే దిగకూడదు. ఇద్దరో ముగ్గురో భుజాలు పట్టుకుని దిగాలి. పారే నీళ్ళని చూస్తే కళ్ళు తిరుగుతాయి, అవతలి గట్టునే చూడాలి.

వాడు తనకు తెలిసిందీ చెప్పాడు. బూట్లు విప్పకూడదట, తడిసినా సరే. వీపు సంచి నడుంపట్టీ, గుండెపట్టీ ముందే ఊడదీసుకోవాలట. పడిపోతే సంచి పోయినా మనిషి లేస్తాడు. దాటాక వేళ్ళ సందుల్లో ఇసుక కడిగెయ్యాలి, లేదంటే పది కిలోమీటర్లలో బొబ్బలు. ముందే కాళ్ళకి వాజిలీన్ రాస్తారట. నాట్లకి దిగే ముందు మా అమ్మీ ఆముదం రాసుకునేది. తేడా ఏం లేదు.

"నీకివన్నీ ఎవరు చెప్పారు మామూ?" అనడిగాడు.

చాకలి తాత. ఆ వాగులో ఆయనకి తెలియని బండ లేదు.

1990 మే నెలలో కృష్ణా నది సముద్రంలో కలిసే చోటుకి దగ్గరగా తుపాను తీరం దాటింది. ఆ వానల్లోనే మా దాదీమా పోయింది. మాకప్పుడు పదేళ్ళు నిండలేదు. గుసుల్ అయింది, కఫన్ అయింది, జనాజా నమాజూ అయింది. వాగు మాత్రం తియ్యలేదు. ఒక రాత్రి ఆగాం. మర్నాటికి కాస్త తగ్గింది గానీ మొలలోతు ఉంది. ఇంకా ఆగడానికి వీల్లేదు.

చాకలి తాత ఎద్దుబండి మోకులు రెండు తెప్పించి ముడేశాడు. ఒక కొస ఇవతల తుమ్మచెట్టుకి కట్టాడు. రెండో కొస నడుముకి చుట్టుకుని తనే ముందు దాటాడు. మాలపల్లె నుంచి వచ్చినవాళ్ళు, పక్కింటి కమ్మవారి పాలేర్లు, మావాళ్ళు ఆ తాడు వెంట బారులు తీరి నీళ్ళలో నిలబడ్డారు. జనాజా భుజాల మీంచి నెత్తి మీదికి లేచింది. అబ్బా ముందు పట్టుకున్నాడు. ఆయన కాళ్ళు వణకడం గట్టు మీంచి మాకు కనపడింది. తాత అవతలి నుంచి కేకేశాడు, "సాయిబూ, నీళ్ళకేసి చూడమాక, నాకేసి చూడు!" వెనక నుంచి మా చాచా ఉర్దూలో అదే మాటన్నాడు, "పానీ నక్కో దేఖో భాయ్, కినారా దేఖో." రెండు భాషల్లో ఒకే మాట వినడం మాకు బాగా గుర్తు.

తర్వాత మేం పత్రికల్లో పనిచేస్తూ ఈ సంగతి చాలాచోట్ల చెప్పాం. చెప్పినకొద్దీ ఒకటి తెలిసింది. మా సెక్యులర్ మిత్రులకి తాడు కథ కావాలి. వినగానే కళ్ళు తుడుచుకుంటారు. "చూశారా, ఎంత సఖ్యత!" అంటారు. వంతెన మాటెత్తితే ఆ సభకి అది తగని మాటలా చూస్తారు. మావాళ్ళలో కొందరికి వంతెన లేని కథే కావాలి. "తాడు సంగతి చెప్పమాకండి, అర్జీ పలచబడుతుంది" అంటారు. ఒక ఆఫీసులో అయితే అర్జీ చదివి, "మీ ఊళ్ళో అంతా కలిసిమెలిసి ఉంటారు కదండీ, సర్దుకోండి" అన్నారు.

తాడు పట్టిన చేతుల్ని మేం మర్చిపోం. అవి పట్టాయి కాబట్టి వంతెన అడక్కూడదంటే ఒప్పుకోం. వంతెన రాలేదని ఆ చేతులు లేవని అబద్ధమూ చెప్పం.

మేనల్లుడు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో, కాలిఫోర్నియాలో వెస్టర్న్ స్టేట్స్ అని 100 మైళ్ళ పరుగు. గుర్రాల పందెం జరిగే ఆ దారిన 1974లో గార్డీ ఎయిన్స్‌లీ అనే అతను కాలినడకన పూర్తి చేశాడు, పరుగు పందెం అలా మొదలైంది. 78వ మైలు దగ్గర రకీ చకీ అనే చోట అమెరికన్ రివర్ దాటాలి. నది అడ్డంగా తీగతాడు కడతారు. స్వచ్ఛంద సేవకులు చల్లటి నీళ్ళలో బారుగా నిలబడి ఒక్కొక్కరినీ దాటిస్తారు. నీళ్ళు ఎక్కువున్న ఏడాది పడవలు పెడతారు. చూస్తుంటే మాకు చాకలి తాత కనపడ్డాడు. సరదాకి పరిగెత్తేవాడికి తాడు కట్టడం అక్కడ నిర్వాహకుల బాధ్యత. మయ్యత్‌ని మోసేవాడికి తాడు కట్టడం ఇక్కడ ఎవరి బాధ్యత?

ఆ తర్వాత మా వాగు మీద చప్టా వేశారు, మోకాలెత్తు. పెద్దవాన పడితే నీళ్ళు దాని మీంచే పోతాయి. నాచుపట్టిన సిమెంటు మీద కాలు ఇసుకలో నిలిచినట్టు నిలవదు. చప్టా ఉంది కదా అన్న ధైర్యంతో మోటారుసైకిళ్ళు దింపుతారు. 2010లో లైలా, 2023 డిసెంబరులో మిచౌంగ్, రెండూ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. రెండుసార్లూ చప్టా కనపడలేదు. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో ఎవరూ పోలేదు. అల్లా దయ అనుకున్నాం.

చాకలి తాత ఎప్పుడో పోయాడు. ఆయన మనవడు హైదరాబాదులో ఇస్త్రీ దుకాణం పెట్టుకున్నాడు. మాలపల్లె పిల్లలు బేల్దారి పనులకి పోయారు. మా పిల్లలు బెంగుళూరు పోయారు. తాడు పట్టే మనసులు లేక కాదు, ఊళ్ళో మనుషులే పలచబడ్డారు.

మేనల్లుడితో ఆ పూట ఖబరస్తాన్ దాకా వెళ్ళాం. దాదీమా దగ్గర ఫాతిహా చదివాం. వాడు తడిబూట్లు బయట విప్పి చేతులెత్తి నిలబడ్డాడు. తిరిగొచ్చాక మళ్ళీ అర్జీ రాశాం. ఎత్తు వంతెన కావాలని రాశాం. 1990లో ఎవరెవరు తాడు పట్టారో అదీ రాశాం. రెండూ ఒకే కాయితం మీద.

అబ్బాకి ఎనభై దాటాయి. తూర్పున మబ్బు పట్టినప్పుడల్లా అరుగు మీద కూర్చుని వాగుకేసి చూస్తాడు. ఎందుకని మేం అడగం.