అప్పు లేనివాడికి అప్పు పుట్టని చోట

అప్పు లేకుండా సంసారం లాక్కొచ్చినవాణ్ని మా అమ్రాబాద్‌లో గట్టి మనిషి అంటారు. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు వాకబు చేసేది కూడా రెండే: భూమి ఎంతుంది, అప్పు ఎంతుంది. రెండోదానికి "ఒక్క రూపాయి లేదు" అని జవాబొస్తే సంబంధం సగం కుదిరినట్టే. అదే మనిషి అమెరికా పోతే బ్యాంకువాడు మొహం తిప్పుకుంటాడు. ఎన్నడూ అప్పే చేయనివాడు తీరుస్తాడని ఎట్లా నమ్మడం అంటాడు. వినడానికి తిక్కగా ఉంటుంది. కాస్త ఆలోచిస్తే అందులో తర్కం లేకపోలేదు, అదే బాధ.

అమ్మాయి పురిటికని నేనూ మా ఆవిడా టెక్సాస్‌లోని ఇర్వింగ్‌కు పోయినప్పుడు ఈ సంగతులన్నీ తెలిశాయి. ఇర్వింగ్ డాలస్‌ను ఆనుకుని ఉన్న ఊరు. సాయంత్రం పూట గాంధీ విగ్రహం ఉన్న పార్కులో నడుస్తుంటే ముందు వరంగల్ మాట, వెనక గుంటూరు మాట వినిపిస్తుంది. మాలాగా పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులకు అక్కడ ఒకటే కాలక్షేపం, ఈ దేశపు వింతలు ఏకరువు పెట్టడం. మొదట్లో నేనూ బాగానే నవ్వాను.

అల్లుడు చెప్పిన వింత మాత్రం నవ్వి వదిలేసేది కాదు. అతను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు జీతం బాగుంది, బ్యాంకులో నిల్వ ఉంది, అయినా క్రెడిట్ కార్డు ఇవ్వలేదట. "మూడు వందల డాలర్లు వాళ్ల దగ్గర్నే డిపాజిట్ పెట్టిన మామా. ఆ మూడు వందలకే ఒక కార్డిచ్చిన్రు. నెలనెలా వాడుకుంట, నెలనెలా కట్టుకుంట పోతే ఏడాదికి అసలు కార్డొచ్చింది" అన్నాడు. అతని పైసలే అతనికి అప్పిచ్చి, తీర్చాడని మెచ్చుకున్నారన్నమాట.

ఆ మెచ్చుకోలుకు ఒక అంకె ఉంది. 300 నుంచి 850 దాకా ఎంతైనా ఉండొచ్చు. ఫెయిర్ ఐజాక్ అనే కంపెనీ 1989లో తెచ్చిన ఈ లెక్కను ఫైకో స్కోరు అంటారు. లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ని, అంకె చూశాక అది ఎట్లా వచ్చిందో తెలుసుకోకపోతే నిద్ర పట్టదు. గడువు తప్పకుండా కట్టినందుకు 35 శాతం. బాకీ ఎంతుందో, ఇచ్చిన పరిమితిలో ఎంత వాడుకున్నామో దానికి 30. ఎన్నేళ్ల నుంచి అప్పుల ఖాతా నడుస్తోందో దానికి 15. కొత్తగా ఎన్నిచోట్ల అడిగామో, ఎన్ని రకాల అప్పులున్నాయో వాటికి పదేసి. జీతం మాట ఇందులో లేదు. దాచుకున్న సొమ్ము మాట లేదు. తండ్రెవరో, ఊళ్లో పేరెట్లా ఉందో అసలే లేదు. గంటల లెక్కన పనిచేసే కూలీకి ఆస్తిపరుడి కన్నా ఎక్కువ మార్కులు రావచ్చు. ఇల్లు అద్దెకిచ్చేవాడూ, కారుకు లోనిచ్చేవాడూ, చాలా రాష్ట్రాల్లో కారుకు బీమా కట్టించుకునేవాడూ ఈ అప్పుల చిట్టా తెప్పించుకున్నాకే మాట్లాడతారు.

మా దగ్గర నమ్మకానికి అంకె అక్కర్లేదు, మొహం చాలు. కిరాణా కొట్టులో ఎర్రబట్ట అట్ట వేసిన పొడుగాటి ఖాతా పుస్తకం ఉంటుంది. "పత్తి అమ్మినంక ఇస్త సేటూ" అంటే ఆయన పేజీ తిప్పి రాసుకుంటాడు. విత్తనాలు, మందు బస్తాలు, బిడ్డ పెండ్లికి బియ్యం, అన్నీ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి. సంతకం లేదు, తేదీకి కట్టాలన్న గడువు లేదు. వాన ఎగ్గొడితే రెండు మాటలని, మరుసటి పంట దాకా ఆగుతాడు. ఈ పద్ధతి ముందు ఆ అమెరికా అంకె ఎంత మొరటుదో అనిపించింది నాకు. పార్కులో ఒక పెద్దమనిషితో ఆ మాటే అంటే, ఆయన నిదానంగా అడిగాడు: "మాస్టారూ, ఆ పుస్తకంలో మీకు పేజీ ఉంది. మీ ఊరి చెంచులకు ఉండేదా?"

జవాబు నాకు తెలుసు. మా అడవిలోని ఆ గిరిజనులకూ పేజీ ఉండేది, కానీ రాసేవాడు ఒకడు, చదవలేక వేలిముద్ర వేసేవాడు ఇంకొకడు. అడవిలో తీసిన తేనె, గీకిన జిగురు షావుకారు చెప్పిన ధరకు అతని బాకీ కిందే జమయ్యేవి. బాకీ మాత్రం కరిగేది కాదు. ఇట్లాంటి షావుకార్ల పట్టు వదిలించడానికే ప్రభుత్వం 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టి, అటవీ ఉత్పత్తులు తానే కొనడం మొదలుపెట్టింది. మొహం చూసి అప్పిచ్చే చోట ఎవరి మొహం అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. నా మొహం ఊళ్లో చెల్లింది కాబట్టి ఆ ప్రశ్న నా దాకా రాలేదు.

తర్వాత చదివితే తెలిసింది, అమెరికావాళ్లదీ మొదట మొహం చూసే పద్ధతేనని. 1841లో న్యూయార్క్‌లో లూయిస్ టాపన్ అనే వ్యాపారి ఒక ఏజెన్సీ పెట్టాడు. ఊరూరా ఉన్న వకీళ్లూ తెలిసినవాళ్లూ అక్కడి దుకాణదారుల గుణగణాలు రాసి పంపేవాళ్లు. తాగుతాడా, ఇల్లు సరిగ్గా నడుపుతాడా, మాట మీద ఉంటాడా అన్నీ అందులో ఉండేవి. ఊరి రచ్చబండ కబుర్లకు రిజిస్టరు పెట్టారన్నమాట. తర్వాత వచ్చిన క్రెడిట్ బ్యూరోలూ ఇరుగుపొరుగును అడిగి రాసుకున్నవే. ఎవరి గురించి ఏం రాశారో ఆ మనిషికి తెలుసుకునే హక్కు 1970 చట్టంతో గాని రాలేదు. 1974 దాకా, తన జీతం తనకున్నా, భర్త సంతకం లేదని ఆడమనిషికి అప్పు నిరాకరిస్తే అడిగే దిక్కులేదు. నలుపూ తెలుపూ తేడా సంగతి చెప్పనే అక్కర్లేదు. మొహం పక్షపాతం చూపించింది కాబట్టి మొహం తెలియని అంకెను తెచ్చుకున్నారు. అంకె మాత్రం నూటికి నూరు పాళ్లు న్యాయమైనదా అంటే కాదు, ఆ సంగతికి మళ్లీ వస్తాను.

టిప్పు కథా ఇట్లాంటిదే. హోటల్లో తిన్నాక బిల్లు కాగితం కింద ఒక ఖాళీ గీత ఉంటుంది. దాని మీద 15 శాతమో 20 శాతమో మనమే రాయాలి. మన దగ్గర టిప్పు ఇష్టమైతే ఇచ్చేది, అక్కడ ఇవ్వకపోతే చిన్నచూపు. ఎందుకంటే టిప్పులు వచ్చే పనివాళ్లకు యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లిస్తే చాలని కేంద్ర చట్టం. 1991 నుంచి ఆ అంకె మారలేదు, టెక్సాస్‌లో ఇప్పటికీ అదే. టిప్పులు కలిపినా గంటకు కనీస వేతనమైన ఏడుంపావు డాలర్లకు చేరకపోతే మిగతాది యజమాని వేయాలి. ఈ అలవాటు వేళ్లూనుకున్నది అంతర్యుద్ధం తర్వాత. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లను పుల్మన్ రైలుపెట్టెల్లో పోర్టర్లుగా పెట్టుకుని, కొసరు జీతమిచ్చి మిగతాది ప్రయాణికుల దయకు వదిలేశారు. వెట్టి చేయించుకున్న గడ్డ మీద పుట్టినవాణ్ని, ఇది చదివాక ఆ గీత మీద అంకె వేసేటప్పుడు ఇదివరకులా విసుక్కోలేకపోయాను.

అన్ని వింతల వెనకా ఇంత చరిత్ర లేదులెండి. డాలరని రాసిన వస్తువుకు కౌంటర్ దగ్గర డాలరూ ఎనిమిది సెంట్లు అడుగుతారు. ఇర్వింగ్‌లో పన్ను 8.25 శాతం. రాష్ట్రానికి ఆరుంపావు, ఊరికి ఒకటి, బస్సులూ రైళ్లూ నడిపే సంస్థకు ఒకటి. ఊరూరికీ తేడా కాబట్టి చీటీ మీద వేయరట. ఇది నాకిప్పటికీ సోమరితనంగానే కనిపిస్తుంది. ఫారన్‌హీట్ మీద జోకులేసిన మనవాళ్లకు మాత్రం ఒకటి గుర్తుచేశాను. మన ఆర్‌ఎంపీ డాక్టరు "జ్వరం నూటరెండుంది" అనేది ఏ లెక్కలో? పొలం ఎకరాల్లో, ఇంటి జాగా గజాల్లో కొనే మనం వాళ్ల మైళ్లను చూసి నవ్వడం చెల్లదు. ఇక బడి బస్సు ఆగి ఎర్రలైట్లు వెలిగితే వెనక బండ్లే కాదు, ఎదురుగా వచ్చేవీ ఆగిపోతాయి. పిల్ల రోడ్డు దాటేదాకా ఎవ్వరూ కదలరు. దాన్ని వింత అనడానికి నాకు నోరు రాలేదు. అటువంటి వింత మనకూ ఉంటే బాగుండు.

వింత అనేది ఎదుటివాడి వైపు నుంచీ ఉంటుంది. అల్లుడి ఆఫీసు మిత్రుడొకాయన భోజనానికొచ్చి మా ఊరి గురించి అడిగాడు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే జాతీయ రహదారిని మా మన్ననూర్ దగ్గర రాత్రి తొమ్మిదికి గేటు వేసి మూసేస్తారని, మళ్లీ తెల్లవారి ఆరింటికి తీస్తారని చెబితే నమ్మలేదు. హైవేకు గేటేమిటన్నాడు. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న పులుల అభయారణ్యం అది, రాత్రి దారి వాటిది అన్నాను. అప్పుడు ఒప్పుకున్నాడు. 1940లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడూ ఇట్లాగే మా అడవికి వచ్చి, చెంచుల మధ్య తిరిగి, వాళ్ల మీద 1943లో పుస్తకం వేశాడు. ప్రతి ఆచారానికీ కారణం అడిగి రాసుకున్నాడు. ఆయన సిఫారసు మీదే నిజాం ప్రభుత్వం అడవిలో కొంత భాగం చెంచులకు ప్రత్యేకించింది. చెంచుల పక్కనే పుట్టి పెరిగిన నేను వాళ్లనెన్నడూ అట్లా అడిగింది లేదు. అడగడం ఇర్వింగ్ పార్కులో మొదలైంది.

ఇక అంకె సంగతి. దానికి కరువు తెలియదు, ఆసుపత్రి తెలియదు. అమెరికాలో జబ్బుచేసి బిల్లు కట్టలేకపోయినవాడికీ, జల్సా చేసి ఎగ్గొట్టినవాడికీ ఒకే మచ్చ పడుతూ వచ్చింది. 500 డాలర్లలోపు వైద్యపు బాకీలను చిట్టాలోంచి తీసేసింది 2023లో మాత్రమే. ఖాతా పుస్తకానికి కరువు తెలుసు, కులం కూడా తెలుసు. అంకెకు రెండూ తెలియవు. రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే, అచ్చంపేట బ్యాంకుకు మొదటిసారి పోయే చెంచు పిల్లవాడి కోసం నేను అంకెనే ఎంచుకుంటాను, కరువు ఏడాది దాన్ని తిట్టుకునే హక్కు అట్టిపెట్టుకుని.

ఎంచుకునే అవసరం కూడా పెద్దగా మిగల్లేదు. మన దగ్గర అప్పుల చిట్టా రాసే సిబిల్ 2000లోనే పుట్టింది. 300 నుంచి 900 దాకా దాని స్కోరు ఇప్పుడు ట్రాక్టర్ లోనుకూ చూస్తున్నారు, బైకు ఫైనాన్సుకూ చూస్తున్నారు. అమెరికాలో చిట్టా రాసే ట్రాన్స్‌యూనియన్ (మన సిబిల్ ఇప్పుడు దానిదే), ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్ పేర్లే ఇక్కడా ఉన్నాయి, క్రిఫ్ హైమార్క్ అదనం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2017 నుంచి ఈ నాలుగూ ఏడాదికోసారి మన పూర్తి చిట్టాను ఉచితంగా ఇవ్వాలి. అడిగి తెప్పించుకోండి. మొహమాటానికి పోయి ఎవరికైనా జమానతు సంతకం పెట్టి ఉంటే ముందు ఆ పద్దు చూడండి. వాళ్లు కట్టకపోతే మచ్చ మీ పేరు మీదా పడుతుంది.