సమాధి లేనివాళ్ళకి ఒక తేదీ

నవంబరు వచ్చేసరికి మీలో చాలామంది ఇళ్ళల్లో కార్తీక దీపాల హడావిడి మొదలవుతుంది. మా ఇంట్లో మాత్రం సున్నం డబ్బా, కుంచె, గడ్డి పీకడానికి కొడవలి, రెండు పాకెట్ల కొవ్వొత్తులు వరండాలోకి వస్తాయి. నవంబరు 2 మాకు సమాధుల పండుగ. పొద్దున్నే వెళ్ళి నాన్న సమాధి కడిగి సున్నం వేస్తాం. సాయంత్రం బంతిపూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాం. అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తారు, అందరం కీర్తన పాడతాం. ఇంతే పండుగ. పిండివంటలుండవు, కొత్త చీరలుండవు.

మాది సి.ఎస్.ఐ. సంఘం. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొన్ని సంఘాలవాళ్ళు 1947 సెప్టెంబరు 27న ఒక్కటై ఈ సంఘంగా ఏర్పడ్డారు. కృష్ణా జిల్లాలో మా పెద్దలది ఆంగ్లికన్ పాయ. 1841లో ఫాక్స్, నోబుల్ అనే ఇద్దరు ఇంగ్లండు నుంచి మచిలీపట్నం వచ్చారు. నోబుల్ గారు 1843లో పెట్టిన బడే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. ఆయన మళ్ళీ స్వదేశం వెళ్ళనేలేదు, 1865లో బందరులోనే కన్నుమూశారు. పండుగల పట్టిక, మోకాళ్ళూని అందరూ ఒక్క గొంతుతో చదివే ప్రార్థనలు ఆ పాయలోంచి వచ్చినవే. పాటలు మాత్రం మన నేల మీద పుట్టాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా పాటలకి పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. వాటిలో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) పర్లాకిమిడి వైపు మనిషి, మా మిషనువారు కూడా కారు. అయినా ఆయన పాట లేని గుడి మా వైపు లేదు. బి.ఏ.లో త్యాగరాజ కృతుల గురించి చదువుకునేటప్పుడు పల్లవి, చరణం అంటే నాకు కొత్తగా అనిపించలేదు. అంతకుముందే అమ్మ నోట విన్నాను కదా.

ఈ పండుగ దగ్గరే మా ఇంట్లో ఒక ముల్లుంది. మా చెల్లి పెళ్ళయ్యాక వేరే మందిరానికి వెళుతోంది. అక్కడ సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించడం తప్పని చెబుతారట. నాలుగేళ్ళుగా నాన్న సమాధి దగ్గరికి రావడం లేదు. "అక్కా, బైబిల్లో ఎక్కడుందో చూపించు" అంటుంది. దానికి నాన్నంటే ప్రాణం. ఆయన ఆఖరి మూడు నెలలూ అన్నం కలిపి పెట్టింది అదే. అందుకే నాకు కోపం కంటే బాధే ఎక్కువ.

నిజానికి చెల్లి అడిగేది కొత్త ప్రశ్నేం కాదు. పదహారో శతాబ్దంలో ఇంగ్లండులో సంఘ సంస్కరణ జరిగినప్పుడు, నవంబరు 1న వచ్చే సకల పరిశుద్ధుల దినాన్ని ఉంచి, మర్నాటి ఆత్మల దినాన్ని ప్రార్థన పుస్తకంలోంచి తీసేశారు. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించకూడదన్నదే కారణం. మూడు వందల ఏళ్ళకి పైగా అలాగే నడిచింది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫ్రాన్సు బురదలో శవాలు కూడా దొరకని కొడుకులు లక్షల్లో ఉన్నారు. సమాధి లేదు, పూలు పెట్టే చోటు లేదు. ఆ తల్లులకి ఎవరేం చెప్పగలరు? చనిపోయినవాళ్ళని పేరుపెట్టి తలుచుకునే ప్రార్థన ఆ కాలంలోనే ఆంగ్లికన్ గుళ్ళల్లోకి విస్తారంగా తిరిగొచ్చింది.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మే గుర్తొచ్చింది. అమ్మ పుట్టిల్లు నాగాయలంక వైపు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చేనాటికి అమ్మకి పెళ్ళయి బెజవాడ వచ్చి ఏడాది. అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయారు. తాటిచెట్టు పట్టుకుని తాతయ్య బతికాడు. అమ్మమ్మ, పదకొండేళ్ళ చిన్నమామయ్య దొరకలేదు. నేను వాళ్ళని చూడలేదు, ఇంట్లో ఫొటో కూడా లేదు. అమ్మ ప్రతి ఏడూ నాన్న సమాధి పక్కన ఖాళీ మట్టి మీద రెండు కొవ్వొత్తులు గుచ్చుతుంది. గాలికి ఆరిపోతే మళ్ళీ వెలిగిస్తుంది.

ఒకసారి చెల్లి ఫోన్లో గట్టిగానే అడిగింది, "వాళ్ళ కోసం ఇప్పుడు ప్రార్థిస్తే ఏం లాభం అమ్మా?" అని.

"నేను వాళ్ళ కోసం ఏమీ అడగట్లేదే. వాళ్ళని నాకిచ్చినందుకు దేవుడికి వందనాలు చెప్పుకుంటున్నా. అది కూడా తప్పేనా?" అంది అమ్మ. చెల్లి మాట్లాడలేదు.

డెల్టాలో నవంబరంటే తుఫాన్ల నెల. 1864లో బందరుని ముంచిన ఉప్పెన కూడా నవంబరు 1 రాత్రే, సరిగ్గా సకల పరిశుద్ధుల దినాన వచ్చింది. సుమారు ముప్పై వేల మంది పోయారంటారు. వాళ్ళలో ఎంతమందికి సమాధులున్నాయి? పేర్లయినా మిగిలాయా? పరిశుద్ధులంటే అద్దాల కిటికీల మీద బొమ్మలుండేవాళ్ళే అనుకుంటాం. ఆ రోజు తలుచుకునేది పేరు తెలియని భక్తులందర్నీ కూడా అని మా అయ్యగారు చెబుతుంటారు.

గుర్తుపెట్టుకోవడం అటునుంచి కూడా జరుగుతుంది. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1912లో అభిషేకం పొందిన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్. మా కృష్ణా జిల్లా సంఘాలు కూడా ఆయన ఏలుబడిలో ఉండేవి. గుడి, మసీదు పోలికలు కలిపి ఆయన కట్టించిన దోర్నకల్ కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. ఇప్పుడు ఇంగ్లండు సంఘపు పట్టికలో జనవరి 2 ఆయన దినం. మన ఊళ్ళు తిరిగిన మనిషి పేరు ఎక్కడో లండన్ గుడిలో చలికాలపు పొద్దున చదువుతారంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

చెల్లితో వాదించడం మానేశాను. దాని నమ్మకం దానిది. కానీ అమ్మకి డెబ్భై దాటాయి. ఆవిడ తర్వాత ఆ రెండు కొవ్వొత్తులు ఎవరు గుచ్చుతారన్నదే నా దిగులు. అందుకే ఈ మధ్య ఒక మధ్యాహ్నం అమ్మని కూర్చోబెట్టి, కీర్తనల పుస్తకం చివరి ఖాళీ పేజీలో పేర్లు రాయించాను. అమ్మమ్మ, మామయ్య, పక్కింటివాళ్ళు, అమ్మతో బడికి వెళ్ళిన ఇద్దరు పిల్లలు. పద్నాలుగు పేర్లయ్యాయి. ఆ పేజీ ఫొటో తీసి చెల్లికి పంపాను, ఇంకేమీ రాయలేదు. మా అమ్మాయికి మాత్రం ఒక్కొక్క పేరూ చదివి వినిపించాను.

సమాధి ఉన్నవాళ్ళకి సున్నం వేస్తాం. లేనివాళ్ళకి ఆ తేదీయే సమాధి. ఏ మతమైనా సరే, మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళకే తెలిసిన పేర్లు కొన్ని ఉంటాయి. అడిగి రాసిపెట్టుకోండి.