ఫాల్గుణంలో ఓరుగల్లు

ఓరుగల్లు చూడాలంటే ఫాల్గుణంలోనే రావాలని నా స్నేహితుడు ఏళ్ళుగా పోరుతున్నాడు. ఊరు దాటితే మోదుగులు ఆకు రాల్చి చెట్టు నిండా పూసి ఉంటాయి. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాల బళ్ళు వరుస కడతాయి. మధ్యాహ్నం ఎండ చురుక్కుమన్నా పొద్దునా సాయంత్రం ఎంతసేపైనా తిరగొచ్చు. వాడిది హనుమకొండ, మాది విజయవాడ. శనివారం రైలు దిగగానే రామప్పకు ఎప్పుడు పోదామని అడిగాను. "రామప్ప ఏడికి పోతది? ముందు ఊరు చూడు రా" అన్నాడు.

వాడి మాటలో న్యాయం ఉంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అందరి చూపూ రామప్ప మీదే. వేయి స్తంభాల గుడిలో అరగంట గడిపి, కోటలో తోరణం ముందు ఒక ఫొటో దిగి, పాలంపేట దారి పట్టేవాళ్ళే ఎక్కువ. ఆ గుడికి విడిగా ఒక రోజు పెట్టుకోవడమే మర్యాద అనుకుని, ఈసారికి ఊళ్ళోనే ఉండిపోయాం.

వేయి స్తంభాల గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడు. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలు, నడిమధ్య రంగమండపం. గుడికి ఎదురుగా ఉన్న కల్యాణ మండపం కుంగిపోతే 2006లో రాళ్ళన్నీ విప్పదీశారు. తిరిగి నిలబెట్టి జనాన్ని లోపలికి రానిచ్చింది 2024 మార్చిలో. కాలేజీ రోజుల్లో ఆ రాళ్ళను కుప్పలుగా చూసినవాడు కదా, మావాడు ఒక్కో స్తంభాన్నీ చేత్తో తడిమి మరీ చూశాడు. నేనూ తడిమాను. నల్లరాతి మీద గుండ్రటి గీతలు ఎంత నున్నగా ఉన్నాయంటే, వేలు ఎక్కడా తట్టుకోలేదు. బయట ఎండ కాస్తున్నా రాయి చల్లగానే ఉంది.

సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద కాసేపు నడిచి ఇల్లు చేరాం. రాత్రి వాళ్ళమ్మగారు చపాట మిర్చి పచ్చడి వడ్డించారు. పొట్టిగా లావుగా, టమాటాలా ఉండే ఈ మిరపకు కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. "ఇంకింత వేసుకో బిడ్డా, ఇది కడుపు మండదు" అని ఆవిడ బలవంతం చేస్తుంటే కాదనలేకపోయాను.

ఆదివారం ఉదయం మొత్తం కోటకే. రాజధానిని హనుమకొండ నుంచి ఇక్కడికి మార్చింది గణపతిదేవుడు. ఆయన మొదలుపెట్టిన రాతి గోడను రుద్రమదేవి ఇంకా ఎత్తు లేపింది. దాని వెలుపల మట్టికోట, రెంటికీ కందకాలు. రాతికోట ద్వారంలో బాట తిన్నగా సాగదు. లోపలికి రాగానే మలుపు తిరుగుతుంది. ఉరికి వచ్చే శత్రుసేన అక్కడ వేగం తగ్గించక తప్పదు. ఇప్పుడు అదే మలుపులో ఆటోలు హారన్ కొట్టుకుంటూ తిరుగుతున్నాయి. కోట లోపల ఊరుంది, ఇళ్ళున్నాయి, వాకిళ్ళలో ఎర్రగా మిరపకాయలు ఆరుతున్నాయి.

నడుమ స్వయంభూ శివాలయం ఉండిన చోట నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఈ తోరణమే. 1323లో ఉలుగ్ ఖాన్ సేనలు కోటను గెలిచాక ఆలయాన్ని కూల్చాయి. దేవతామూర్తులు లేనందువల్లే తోరణాలను ముట్టుకోలేదని చరిత్రకారుల్లో కొందరి అభిప్రాయం. పైన హంసలు, కింద తామరమొగ్గలు. మనిషి బొమ్మ కనబడదు.

నన్ను కట్టిపడేసినవి మాత్రం తోరణాలు కావు, వాటి మధ్య నేల మీద పడి ఉన్న రాళ్ళు. ఒక రాతి అంచున హంసల బారు ఉంది. దేని మెడ వంపు దానిదే. ఒకటి వెనక్కి తిరిగి తన ఈకలు సవరించుకుంటోంది, ఇంకొకటి ముక్కున తామరతూడు పట్టుకుంది. బారు సగంలో రాయి విరిగిపోయింది. "ఇటు రా, మిగతాది ఈడున్నది" అని మావాడు కాస్త అవతల నుంచి కేకేశాడు. వెళ్ళి చూస్తే, తెగిన రెక్కకు అతికే రెక్క ఆ రాతి మీద ఉంది. విరిగిన అంచున ఉలి దెబ్బలు ఇప్పటికీ తెలుస్తున్నాయి. గుడి ఎంత ఎత్తుండేదో, ఈ బారు ఏ గోడ చుట్టూ తిరిగేదో ఊహించుకుంటూ చాలాసేపు అక్కడే కూర్చున్నాం.

పక్కనే ఖుష్ మహల్. వాలు గోడలు, పెద్ద కమానులు, లోపల మంచి నీడ. ఎండ ముదిరాక అక్కడికి చేరడం మేలు.

ఏ రాయి గుడిలో ఏ భాగమో చెప్పే తెలుగు పలకలు పక్కన నిలబెడితే, బడిపిల్లలకు అంతకన్నా మంచి చరిత్ర పాఠం ఉండదు. పురావస్తు శాఖకు ఇది నా విన్నపం. వెళ్ళేవాళ్ళకు ఒక మాట: ఓరుగల్లుకు రెండు రోజులు పెట్టుకోండి. అందులో ఒక పూట అచ్చంగా కోటకే ఇవ్వండి, తోరణాలతో పాటు కింద ఉన్న రాళ్ళను కూడా వంగి చూడండి.