కాలువ కట్టకముందు

వేసవి సెలవులలో చేసిన యొక ప్రయాణమును గూర్చి వ్రాయుమని సంచికాసంపాదకులు కోరగా నేను కొంత సంకోచించితిని. నేను పోయిన దూరదేశములు లేవు, చూచిన వింతలు లేవు. నాకు చెప్పదగిన వేసవి ప్రయాణ మొక్కటియే కలదు. అది నా భార్యయు నేనును 1962వ సంవత్సరము ఏప్రిలు నెల తుదిదినములలో పడవమీద చేసినది. తాడేపల్లిగూడెము నుండి ఏలూరు సుమారు ముప్పది మైళ్లు. రైలుబండి మీద చాల స్వల్పకాలపు ప్రయాణము. మేము పడవ యెక్కి మూడు రాత్రులు గడపియు ఏలూరు చేరలేకపోతిమి.

అప్పటికి మాకు వివాహమై యేడాది దాటెను. నేను తాడేపల్లిగూడెములో ఉపాధ్యాయుడనై భూగోళము, గణితము చెప్పుచుంటిని. నా భార్య పుట్టినిల్లు కొల్లేటి నడుమ నున్న యొక లంక. పెండ్లి ద్వారకాతిరుమలలో జరుగుటచే నేను అత్తవారి యూరు చూచినవాడను గాను. కార్తీకమాసమున అమ్మాయిని పంపుడని రెండు జాబులు వచ్చెను. సంక్రాంతికి ఆమె తమ్ముడు స్వయముగా వచ్చెను. రెండుమారులును పంపనైతిని. పరీక్షలనియు, దారి సరిగా లేదనియు సాకులు చెప్పితిని గాని నిజము వేరు. బురదయు చేపలవాసనయు గల యూరికి అల్లుడనై పోవుట నాకు నామోషీగా నుండెను. ఆమెను ఒంటరిగా పంపుటకును మనసొప్పలేదు. ఆమె మారు మాటాడలేదు. వచ్చిన జాబులను బియ్యపుడబ్బాలో దాచుకొనెను.

ఆ వేసవిలో నాకు ఏలూరున ఉద్యోగము కుదిరెను. మంచము, రెండు ట్రంకు పెట్టెలు, ఇత్తడి బిందెలు, తిరుగలి, ఒక కుండలో మల్లెమొక్క, ఇదియే మా సంసారము. నాయొద్ద చదువుకొనిన పిల్లవాని తండ్రి యొకడు బియ్యపు బస్తాలు వేసికొని ఏలూరునకు పోవు పడవకు సరంగు. అతడు కేవు పుచ్చుకొనకయే మమ్మును, మా సామానును చేర్చెదననెను. “అయితే ఒక్క సంగతి మాస్టారూ. ఎల్లుండి లోపల బయలుదేరాలి. కాలువ కట్టేస్తారు” అనెను.

డెల్టాలో పుట్టినవారికి ఈ మాట వివరింప నక్కరలేదు గాని, మెట్టప్రాంతమునుండి వచ్చి చదువుకొను విద్యార్థులకొఱకు చెప్పుచున్నాను. గోదావరికి ధవళేశ్వరమువద్ద సర్ ఆర్థరు కాటన్ ఆనకట్ట పని 1847లో ప్రారంభమై 1852లో ముగిసెను. పడమటిగట్టున విజ్జేశ్వరముకడ బయలుదేరిన కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరునకు వచ్చును. 1855లో బెజవాడయొద్ద కృష్ణకును ఆనకట్ట పూర్తి కాగా, ఆ నదినుండియు ఒక కాలువ ఏలూరునకే వచ్చినది. ఇట్లు రెండు మహానదుల నీళ్లు ఒక యూరిలో కలియుటచేత, కాకినాడలో పడవ యెక్కినవాడు ఏలూరు, బెజవాడ, కొమ్మమూరు కాలువ, బకింగుహాము కాలువలమీదుగా నేల త్రొక్కకుండ చెన్నపట్టణము చేరగలిగెడివాడు. ఉప్పు, బియ్యము, కలప, పెండ్లివారు, అందరును ఆ దారినే పోవుచుండిరి. అయితే ఏటేట వేసవిలో మరమ్మతులకై కాలువకు నీరు కట్టివేయుదురు. మరల జూనులో విడుచుదురు. ఆ నడుమ దారిలో చిక్కిన పడవ చిక్కినచోటనే యుండవలెను.

మేము బయలుదేరిన సాయంకాలమున గాలి లేదు. తెరచాప దించి, ఇద్దరు కళాసీలు భుజములకు తాడు తగిలించుకొని గట్టు వెంబడి లాగుచుండగా పడవ నడచుచుండెను. సరంగు చుక్కాని పట్టెను. మేము బస్తాలమీద చాప పఱచుకొని కూర్చుంటిమి. గట్టున తుమ్మచెట్లు, తాడిచెట్లు మెల్లగా వెనుకకు పోవుచుండెను. ఎడ్లబండ్లు మమ్ము దాటిపోయినవి. కాలినడకను పోవు ముసలివా డొకడు చాలసేపు మాతో సమానముగా నడచి, పొగాకు అడిగి పుచ్చుకొని, తుదకు ముందునకు సాగిపోయెను. రైలు కూతవేటు దూరమున కేకలు వేయుచు పోయినపుడెల్ల నేను లోలోపల సిగ్గుపడితిని. నా భార్యమాత్రము ఇంట నున్న దినములలో ఎన్నడును లేనంత ఉల్లాసముగా నుండెను. పడవ అంచున కూర్చుండి, కాళ్లు నీటిలో వ్రేలవేసి, నేను వినని పేర్లతో నీటిపిట్టలను పిలిచెను. బస్తాల చాటున మూడురాళ్ల పొయ్యి పెట్టి వండినది. కళాసీలు పట్టియిచ్చిన జెల్లలతో పులుసు కాచినది. ఆ చేపలవాసనకు నాకు ఏవగింపు కలుగునేమో యనుకొంటిని గాని, రెండుమారులు వడ్డించుకొంటినని ఒప్పుకొనుచున్నాను.

మఱునాడు ఒక లాకు వచ్చెను. లాకును గూర్చి నేను తరగతిలో పాఠము చెప్పియుంటిని. నల్లబల్లమీద బొమ్మ గీసియుంటిని. కాని పడవలో నుండి లాకు దిగుట అదియే మొదలు. పడవ రెండు రాతిగోడల నడుమ గదిలోనికి పోగానే వెనుక ఎగువతలుపులు మూసిరి. లస్కరు దిగువ తూములెత్తెను. నీరు గుబగుబలాడుచు తగ్గసాగెను. మేము కదలకున్నను గోడలే పైకి లేచుచున్నట్లు తోచెను. తడిసిన రాళ్లమీద పాచి, పగుళ్లలో చిన్న మొక్కలు, వాటినుండి జాఱు చుక్కలు మా తలలకన్న పైకి పోయినవి. మండువేసవిలో అచ్చట నూతిలోపలివంటి చల్లదనము.

నా భార్య తలుపులవైపు చూచి, “ఏమండీ, ఈ తలుపులు తిన్నగా మూసుకోకుండా పైనీటికి ఎదురుగా ముక్కు పెట్టుకుని నిలబడ్డాయెందుకు?” అని యడిగెను. నేను తడబడితిని. అది కట్టడపు శైలియని యేదో చెప్పితిని. గట్టుమీది లస్కరు విని నవ్వి, “నీళ్లే తోసి మూస్తాయి మాస్టారూ, గొళ్లెంతో పనిలేదు. ఎగువన నీళ్లెంత బలంగా ఉంటే తలుపులు అంత బిగుస్తాయి. రెండుపక్కలా నీళ్లు సమానమైతేగాని పదిమంది తోసినా రావు” అనెను. పదునైదవ శతాబ్దమున ఇటలీ దేశపు మిలాను కాలువలకొఱకు లియొనార్డో డావిన్చి గీచిన చిత్రములలో ఈమాదిరి తలుపులే కలవని నేను పిమ్మట చదివితిని. నా పాఠమున ఆ ముక్కు ఎన్నడును లేదు. నేను బొమ్మలో తలుపును ఒక నిలువుగీతగా గీయుచుంటిని.

కైకరము, పూళ్ల దాటితిమి. రెండవనాటి మధ్యాహ్నమునుండి సరంగు మాటలు తగ్గించెను. మాటిమాటికి గెడ దించి లోతు చూచుచుండెను. గట్టురాళ్లమీద నీటిమరక తడియారక జానెడెత్తున కనబడుచుండెను. కాలువ కట్టుటకు ముందు ప్రతి గ్రామమువారును తూము తెఱచి త్రాగునీటి చెఱువు నింపుకొందురు. ఆ చెఱువే వారికి జూనువఱకు ఆధారము. నేను ఓర్పు లేక, తూము అరగంట మూయుమని ఊరివారి నడుగరాదా యంటిని. సరంగు నావైపు వింతగా చూచి, “నీళ్లు తాగేవాళ్లతో పడవవాడు పోట్లాడకూడదండి బాబూ” అనెను. అతనికి ఆ వేసవి కూలి యంతయు దానిమీదనే యుండెను.

భీమడోలు దాటిన కొంతసేపటికి మూడవరాత్రి పడవ అడుగు నేలను రాచుకొనెను. కళాసీలు నీటిలో దిగి భుజములు పెట్టి నెట్టిరి. నేనును పంచె యెగగట్టి దిగితిని. లాభము లేకపోయెను. తెల్లవారుసరికి పడవ ప్రక్కకు ఒరిగి, కాలువ నడుమ ఇంటివలె కదలక నిలిచెను. బియ్యము బండ్లమీద పంపించి, తాను పడవకు కాపలా యుందునని సరంగు చెప్పెను. మా సామాను పడవలోనే యుండనిచ్చి, మేము నడచి రైలుస్టేషనునకు పోవుదమని నేనంటిని.

అపుడు నా భార్య దక్షిణముగా చూచుచు నిలిచియుండెను. “ఇక్కడికి మా లంక దగ్గర” అనెను. అంతకన్న నొక్కమాట యెక్కువ చెప్పలేదు. ఏడాదిగా అడిగి లేదనిపించుకొనినది అడుగుటకు ఇష్టపడలేదు. నేను ఆ ముఖము చూచి, కాదనుటకు సాకు వెదకి, సాకు దొరకక, సరే యంటిని.

ఆగడాలలంకవఱకు ఎడ్లబండి దొరికెను. అచ్చటినుండి ఆమెయే ముందు నడచినది, నేను వెనుక. వేసవి కొల్లేరు నేను బొమ్మలలో చూచిన సరస్సు గాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చు నీటితో వర్షాకాలమున సముద్రమువలె నుండి, ఉప్పుటేటిగుండా బంగాళాఖాతమునకు పోవు నీరు, ఏప్రిలునాటికి నడుమకు ముడుచుకొనిపోవును. అంచుల వెంట నేల బీటలు వాఱి, కిక్కిస యెండి, కాలి క్రింద పెళపెళలాడుచుండెను. అవతల మోకాలిలోతు నీటిలో ఒక తాటిదోనె దొరికెను. గెడ ఆమె పుచ్చుకొనెను. నేను దోనె నడుమ రెండుచేతులతో అంచులు పట్టుకొని గ్రుడ్లమీది కోడివలె కూర్చుంటిని. బురద తగిలినచోట దిగి త్రోయవలసివచ్చెను. అట్లు దిగినపుడు నేను జాఱి తొడలవఱకు కూరుకొంటిని. నా తెల్లబట్టల సంగతి చెప్పనేల! ఆమె బిగ్గఱగా నవ్వినది. పెండ్లియైన పిదప ఆ నవ్వు నేను వినుట అదియే ప్రథమము.

గూడబాతులు బారులు తీఱి తలలపై పోవుచుండెను. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతమున సుమారు 3000 గూడబాతులు గూళ్లు పెట్టుకొనిన తావును కనుగొనెను. 1975 ప్రాంతమున ఆ తావు పాడువడినది. ఇప్పుడు ఆటపాకయొద్ద మనుష్యులు నిలిపిన ఇనుపమంచెలమీద ఆ పక్షులు గూళ్లు కట్టుచున్నవి. మేము దోనెపై పోయిన కొల్లేటిలో తరువాత చేపల చెఱువులు గట్లు గట్టుకొని నిండినవి. 1999లో దానిని పక్షిసంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. 2002లో అది రామ్‌సార్ చిత్తడినేలల పట్టిక కెక్కెను. 2006లో గట్లు కొట్టివేసిరి. గట్లు కొట్టిననాడు అప్పులు చేసి చేపలు వేసిన లంకవారు ఏడ్చిన సంగతియు నే నెఱుగుదును. ఆ గట్లవలన నీరు నడక మానిన సంగతియు నే నెఱుగుదును. మా కాలువమీద పడవలు లేవు. 2008లో దానిని 4వ జాతీయ జలమార్గములో చేర్చిరి.

లంక చేరుసరికి ప్రొద్దు వాలెను. మా అత్తగారు గట్టున వలలు బాగుచేయువారి నడుమ కూర్చుండియుండెను. నా భార్య దూరమునుండి “అమ్మా” యని పిలిచెను. అందఱును మావైపు తిరిగిరి. మా అత్తగారొక్కతె మేము వచ్చుదిక్కునకు గాక, ప్రక్కకు ముఖము త్రిప్పి చెవియొగ్గి వినుచుండెను. నా భార్య గెడ వదలి నీటిలో దుమికి పరుగెత్తెను. నేను దోనెలో ఒంటరినై, అది ఎటు తిరుగుచున్నదో తెలియక కూర్చుంటిని.

ఆమె రెండుచేతులతోను కూతురి ముఖమంతయు తడవి చూచెను. పిమ్మట నన్ను కూర్చుండబెట్టి, నా బురదకాళ్లు కడుగుటకు నీళ్లు తెమ్మని కేకవేసి, “బాబూ, కార్తీకంలో వస్తే బాగుండేది. అప్పుడు నీళ్లు నిండుగా ఉంటాయి. నాకూ అప్పటికి కాస్త కనపడుతుండేది” అనెను. నిష్ఠూరముగా ననలేదు. ఋతువును గూర్చి చెప్పినట్లే చెప్పెను. తన చూపు తగ్గుచున్నదని జాబులలో వ్రాయవలదని కొడుకుతో ఆమెయే చెప్పినదట. అల్లుడు కంగారుపడునని.

మే నెలలో ఆమెను ఏలూరు తీసికొనిపోయి చూపించితిమి. వైద్యుడు నీటికాసులనెను. పోయిన చూపు మరలి రాదనియు, కొన్ని నెలలు ముందుగా తెచ్చియుండిన ఉన్నంతవఱకు నిలిచియుండునేమో యనియు చెప్పెను. ఆ మాట వినునపుడు నా భార్య గోడమీది కాలెండరును చూచుచుండెను. ఇంటికి వచ్చి వంట చేసినది. ఆనాడుగాని తరువాతగాని ఆ సంగతి నాతో ఎత్తలేదు. అరువది యేండ్లు దాటినవి, నేనును ఎత్తలేదు. ఈ వ్యాసము అచ్చుకు పోకముందు ఆమెకు చదివి వినిపించితిని. లాకు తలుపులను గూర్చి సరిగా వ్రాసితిరనెను.

జూనులో కాలువకు నీరు వదలిరి. నాలుగైదు దినములకు సరంగు ఏలూరు రేవునకు పడవ తెచ్చి కబురంపెను. మంచము, పెట్టెలు, బిందెలు, తిరుగలి ఉన్నవి ఉన్నట్లే యుండెను. చుట్టుప్రక్కల నీరు లేని దినములలో అతడు ఊరి చెఱువునుండి తెచ్చుకొనిన త్రాగునీటిలో దినమునకు ఒక చెంబు మల్లెమొక్కకు పోయుచుండెనట. మొక్క కుండ నిండుగా మొగ్గ తొడిగియుండెను. నా భార్య ఆ సాయంకాలమే మొగ్గలన్నియు కోసి, తడిగుడ్డలో చుట్టి, ఖాళీబుట్టతో లంకకు మరలిపోవుచున్న చేపలవాని చేతికిచ్చి, చీకటి పడకముందే అమ్మకు చేర్చుమని చెప్పెను.