బోలు లేని గిటారులో జాజ్

2013లో, న్యూజెర్సీలో ఉన్నప్పుడు, జాజ్ వాయించుకోవడానికి ఒక ఎలక్ట్రిక్ గిటారు ప్రత్యేకంగా చేయించుకున్నాను. లోపల బోలు లేకుండా నిండు చెక్కతో చేసే సాలిడ్ బాడీ రకం అది. మన దగ్గర సినిమా పాటల ఆర్కెస్ట్రాల్లో ఎక్కువగా కనిపించేది ఈ రకమే. జాజ్‌కు మాత్రం అది పనికిరాదని అక్కడ నాతో వాయించేవాళ్లలో చాలామంది గట్టిగా నమ్మేవారు. వాళ్ల లెక్కలో జాజ్ గిటారంటే ఆర్చ్‌టాప్. వయొలిన్‌కు ఉన్నట్టు పైపలక ఉబ్బెత్తుగా ఉంటుంది, దానికి రెండు పక్కలా ఎఫ్ అక్షరం ఆకారంలో రంధ్రాలుంటాయి, లోపలంతా ఖాళీ.

ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. గిబ్సన్ కంపెనీ 1936లో ఇఎస్-150 అనే ఎలక్ట్రిక్ ఆర్చ్‌టాప్ తెచ్చింది. దాన్ని పట్టుకుని చార్లీ క్రిస్టియన్ 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాడు. అంతవరకు ఎక్కువగా వెనక లయకే పరిమితమైన గిటారు, సాక్సోఫోన్‌కు దీటుగా ముందుకొచ్చి నిలబడింది. క్రిస్టియన్ 1942లో, పాతికేళ్లకే కన్నుమూశాడు. తర్వాత వెస్ మాంట్‌గోమరీ, జో పాస్ లాంటి మహానుభావుల ఒళ్లోనూ ఆర్చ్‌టాపే ఉంది. వాళ్లను వింటూ పెరిగినవాళ్లకు ఆ వాద్యమే జాజ్‌కు ముఖమైపోయింది.

నా దగ్గరా ఒక ఆర్చ్‌టాప్ ఉండేది. ఇంట్లో వాయించుకుంటే దానికి సాటి లేదు. కష్టమంతా శుక్రవారం రాత్రుళ్లు. ఒక రెస్టారెంటు మూలన డ్రమ్స్, బేస్, గిటారు, ముగ్గురం ఇరుక్కుని కూర్చునేవాళ్లం. యాంప్ నా వెనక మూరెడు దూరంలో ఉండేది. డ్రమ్మరు కుంచెలు పక్కన పెట్టి కర్రలు అందుకున్నాడంటే నేను వాల్యూమ్ పెంచక తప్పదు. పెంచగానే ఐదో తీగ మీద బి-ఫ్లాట్ దగ్గర హోరు మొదలయ్యేది. యాంప్ నుంచి వచ్చిన శబ్దం గిటారు పైపలకను ఊపుతుంది, ఆ ఊపు తీగకు చేరుతుంది, తీగ కంపనం దాన్ని పట్టుకునే పికప్‌లోంచి మళ్లీ యాంప్‌కు పోతుంది. ఇలా తిరిగి తిరిగి చివరికి ఒకే కూత. రంధ్రాల్లో స్పాంజి కుక్కితే హోరు తగ్గేది, దాంతోపాటు నాకు ఇష్టమైన గొంతూ తగ్గేది. చలికాలం హీటర్ల వేడికి పైపలక ఎండి తీగల ఎత్తు మారిపోయేది. నిండు చెక్కకు ఈ రెండు బాధలూ ఉండవు. మరి జాజ్ గొంతు దానికి వస్తుందా అన్నదే నా ప్రశ్న.

ఆ ప్రశ్నకు సగం జవాబు నాకు మన్‌హాటన్‌లోనే దొరికింది. బ్రాడ్‌వే మీద ఇరిడియం అనే క్లబ్బులో ప్రతి సోమవారం లెస్ పాల్ వాయించేవాడు. 2006లో నేను వెళ్లేసరికి ఆయనకు 91 ఏళ్లు. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయాయి. అయినా ఒక్కో స్వరాన్ని ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టాడు. ఆయన చేతిలో ఉన్నది సాలిడ్ బాడీ గిటారే. 1940 ప్రాంతంలో న్యూయార్కులోని ఎపిఫోన్ గిటార్ల ఫ్యాక్టరీలో ఆయన నాలుగంగుళాల చదరపు దూలం ముక్కకు తీగలు బిగించి వాయించాడు. చూసేవాళ్లు దూలాన్ని గిటారుగా ఒప్పుకోకపోవడంతో, ఒక మామూలు గిటారును నిలువునా కోసి ఆ రెండు ముక్కలనూ రెక్కల్లా దూలానికి తగిలించాడు. దాన్ని చూపిస్తే గిబ్సన్ వాళ్లు మొదట తిప్పి పంపారు. 1952లో వాళ్లే ఆయన పేరుతో సాలిడ్ బాడీ గిటారు అమ్మారు.

ఆ తర్వాత వెతికి వెతికి విన్నాను. టొరంటోలో ఎడ్ బికర్ట్ అనే ఆయన ఫెండర్ టెలికాస్టర్ మీద, అంటే 1950ల నాటి అతి సాదా పలక గిటారు మీద, పాల్ డెస్మండ్ సాక్సోఫోన్ పక్కన పట్టులాంటి కార్డ్స్ (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) వాయించాడు. లాస్ ఏంజిలస్‌లో టెడ్ గ్రీన్‌దీ టెలికాస్టరే. మరోవైపు, అదే ఫెండర్ కంపెనీ 1958లో జాజ్ వాద్యగాళ్ల కోసమే జాజ్‌మాస్టర్ అని పేరు పెట్టి ఒక గిటారు తెచ్చింది. జాజ్‌వాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కాలిఫోర్నియా సర్ఫ్ సంగీత బృందాల కుర్రాళ్లు ఎగబడి కొన్నారు. పేరు వల్ల ఒక వాద్యం ఒక సంగీతానికి చెందదని నాకు అర్థమైంది.

పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊళ్లో, ఇంటి వెనక షెడ్డులో గిటార్లు చేసే ఒక పెద్దాయన గురించి మా బేస్ వాద్యగాడు చెప్పాడు. వెళ్లాను. ఏ కర్ర, ఏ రంగు అని ఆయన అడుగుతారనుకుని అన్నీ కాగితం మీద రాసుకుపోయాను. ఆయన ఆ కాగితం మడిచి బల్ల మీద పెట్టేశారు. "మీరు వాయించినవి ఏమైనా ఉంటే వినిపించండి. స్వరం ఎలా పుట్టాలో, ఎంతసేపు ఉండాలో చెప్పండి. చెక్క సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

నావి వినిపించాక ఇంకో రికార్డింగు కూడా వినిపించాను. మాది పశ్చిమ గోదావరి. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కచేరీ చిన్నప్పుడు పందిట్లో నేల మీద కూర్చుని విన్నాను. మామూలు మాండొలిన్‌కు జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగల మీద కర్ణాటక గమకం పలకడం కష్టం. అందుకని ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంటలు వదిలేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, ఆ తర్వాత కింది స్థాయి కోసం ఐదో తీగ చేర్చాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో అదే వాద్యం మీద వాయించాడు, తర్వాతి కాలంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలోనూ వాయించాడు. పెద్దాయన రికార్డింగు ఆసాంతం విన్నారు. "ఈయన వాద్యాన్ని తన సంగీతం దారికి తెచ్చుకున్నాడు. మనమూ అదే పని చేద్దాం" అన్నారు.

షెడ్డులో ఆయన దగ్గర ఒక పరీక్ష దుంగ ఉండేది. ఒక చివర తీగలు బిగించే మరలు, రెండో చివర తీగలు ఆనే బ్రిడ్జి. మధ్యలో పికప్‌ను పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరపొచ్చు. నన్ను గోడ వైపు తిరిగి కూర్చోమన్నారు. తను ఒకే పలుకు మళ్లీ మళ్లీ మీటుతూ, మీటిన ప్రతిసారీ పికప్‌ను కాస్త జరుపుతూ పోయారు. బ్రిడ్జి దగ్గర శబ్దం సన్నగా, పదునుగా ఉండేది. మెడ వైపు జరిగేకొద్దీ గుండ్రంగా, నిండుగా మారేది. "ఇది బాగుంది" అని నేను అన్నచోటల్లా ఆయన పెన్సిల్‌తో గీత పెట్టారు. చివరికి ఇటు తిరిగి చూస్తే గీతలన్నీ దాదాపు ఒకేచోట గుమిగూడి ఉన్నాయి. అది బ్రిడ్జి నుంచి సుమారు 7 అంగుళాల దూరం.

నా గిటారు రూపం ఆ గీతల్లోంచే పుట్టింది. పికప్ తన పైనున్న తీగ కదలికనే పట్టుకుంటుంది. బ్రిడ్జి దగ్గర తీగ పెద్దగా ఊగలేదు కాబట్టి అక్కడ పై అనుస్వరాల పాలు ఎక్కువ. మెడ వైపు మూల స్వరం బలంగా ఉంటుంది. ఇప్పటి గిటార్లు చాలావాటికి వీణ మెట్లలాంటి ఫ్రెట్లు 22, కొన్నింటికి 24. తీగ నిడివి 24.75 అంగుళాలైతే 24వ ఫ్రెట్ బ్రిడ్జికి 6 అంగుళాల చిల్లర దూరంలోకి వచ్చేస్తుంది. ఇక పికప్‌కు మిగిలేది దానికి బ్రిడ్జి వైపున్న చోటే. 20 ఫ్రెట్లతో ఆపేస్తే మెడ పలక 7.8 అంగుళాల దగ్గర ముగుస్తుంది, పికప్ నడిమి భాగం సరిగ్గా మా గీతల మీద కూర్చుంటుంది. పై స్థాయి సి దాటి ఉన్న స్వరాలు ఫ్రెట్ల మీద దొరకవు. నేను వాయించే పాటల్లో వాటి అవసరం లేదు కనుక సంతోషంగా వదులుకున్నాను.

రెండో సంగతి స్వరం ఆగే తీరు. ఆర్చ్‌టాప్‌లో తీగ శక్తిని పైపలక తొందరగా లాగేసుకుంటుంది. అందుకే స్వరం టప్పున పుట్టి త్వరగా తగ్గిపోతుంది. నిండు చెక్క కదలదు, తీగ మోగుతూనే ఉంటుంది. రాక్ సోలోకు అది వరం. కార్డ్ రెండు దెబ్బలకోసారి మారిపోయే పాటలో మాత్రం వెనకటి కార్డ్ మోత తర్వాతిదాన్ని కమ్మేస్తుంది. దీనికి పెద్దాయన మూడు ఉపాయాలు చేశారు. లోహపు బ్రిడ్జి బదులు నల్లచేవ కర్రతో బ్రిడ్జి చెక్కారు. తీగలు 12 నంబరువి, ఫ్లాట్‌వౌండ్, అంటే పైన చుట్టిన తీగ గుండ్రంగా కాక చదునైన రిబ్బను లాగా ఉండేవి. వాటి మీద వేలు జారినా గీరిన చప్పుడు రాదు, మోత కూడా తొందరగా తగ్గుతుంది. బ్రిడ్జిని ఆనుకుని తీగల కింద ఒక పలుచని ఫెల్ట్ పట్టీ దూర్చుకునేలా సందు ఉంచారు. కావాలంటే పెట్టుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చు.

ఆ బ్రిడ్జి చెక్కుతుంటే పక్కన నిలబడి చూశాను. రాక్ తీగల్లో మూడోది చుట్టు లేని ఒట్టి తీగ. నా సెట్లో మూడోది కూడా చుట్టు తీగే. శ్రుతి శుద్ధంగా ఉండాలంటే ఒక్కో తీగ ఆనే అంచు కాస్త ముందుకో వెనక్కో ఉండాలి. ఒట్టి తీగలు అయిపోయి చుట్టు తీగలు మొదలయ్యే చోట ఆ అంచు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. మామూలు బ్రిడ్జిలో ఆ దూకుడు మూడు, నాలుగు తీగల మధ్య పడుతుంది, నాదాంట్లో రెండు, మూడు మధ్య. ఆయన సన్నని ఆకురాయితో రెండు రుద్దులు రుద్ది, తీగ బిగించి, పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి చూసి, తీగ వదులు చేసి మళ్లీ రుద్దేవారు. తొందర అన్న మాటే లేదు.

మిగతావి చకచకా తేలిపోయాయి. లావు తీగలతో వేళ్లు అలసిపోకుండా 25.5 అంగుళాల ఫెండర్ నిడివి వద్దనుకుని గిబ్సన్‌వారి 24.75 తీసుకున్నాం. కార్డ్స్‌కు వేళ్లు ఇరుక్కోకుండా మెడ పైభాగం వెడల్పు 1.75 అంగుళాలు. రెస్టారెంటు ఫ్రిజ్, దీపాల గురగుర వినపడకుండా పికప్ హంబకర్ రకం. గిబ్సన్‌లో సెత్ లవర్ 1950ల మధ్యలో రూపొందించిన పద్ధతి అది, రెండు తీగచుట్టలు పక్కపక్కనే, ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉండి గురగురను రద్దు చేస్తాయి. టోన్ నాబ్ వెనక 0.047 కాకుండా 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేశారు. నాబ్ పూర్తిగా తిప్పినా గొంతు మెత్తబడుతుందే గాని ముద్దయిపోదు. ఒళ్లు మహోగనీ, మెడ పలక ఇండియన్ రోజ్‌వుడ్, మన అడవుల్లో పెరిగే ఇరుగుడు చెట్టు చేవ. జాజ్‌వాళ్లం కూర్చుని వాయిస్తాం కాబట్టి తొడ మీద ఆనే నడుం లోతుగా తీసి, మెడ కాస్త పైకి చూసేలా తూకం కుదిర్చారు.

గిటారు చేతికొచ్చిన శుక్రవారమే రెస్టారెంటుకు తీసుకెళ్లాను. డ్రమ్మరు కర్రలు తీశాడు, నేను వాల్యూమ్ పెంచాను, బి-ఫ్లాట్ బి-ఫ్లాట్‌గానే పలికింది. విరామంలో మా బేస్ వాద్యగాడు, "ఇన్నాళ్లకు నీ కార్డ్స్‌లో లోపలి స్వరాలు విడివిడిగా వినపడుతున్నాయి" అన్నాడు. ఆర్చ్‌టాప్‌లోని గాలి శబ్దం, యాంప్ లేకుండా గదిలో మోగే ఆ చెక్క పలుకు ఇందులో లేవు. అవి కావలసినవాళ్లు ఆర్చ్‌టాపే కొనుక్కోవాలి, దానికి ఇది బదులు కాదు. నలుగురి మధ్య, గట్టిగా వాయించే డ్రమ్స్ పక్కన, స్పష్టంగా మృదువుగా వినిపించే జాజ్ గిటారు కావాలంటే మాత్రం నిండు చెక్కతో నిస్సందేహంగా వస్తుంది.

గిటారు చేయించుకోవాలనుకునేవాళ్లకు నా మాట ఇది. మేస్త్రి దగ్గరికి బొమ్మలు పట్టుకెళ్లకండి, మీరు వాయించిన పాటలు పట్టుకెళ్లండి. ముందు తీగలు తేల్చుకోండి, తర్వాత పికప్ చోటు, ఆ తర్వాత బ్రిడ్జి. ఈ మూడూ కుదిరాకే కర్ర గురించీ రంగు గురించీ ఆలోచించండి.